రోమా 3:25లో దాక్కున్న కరుణాపీఠం

రోమా 3:25లో దేవుడు క్రీస్తును ‘కరుణాధారముగా బయలుపరచెను’ అని ఉంటుంది. ప్రసంగాల్లో దీన్ని ‘కరుణకు ఆధారం’ అని విడదీసి చెప్పి ముందుకు సాగిపోవడం మామూలే. పౌలు అక్కడ వాడిన గ్రీకు మాట హిలాస్టేరియోన్. ఇదే మాట హెబ్రీ 9:5లో వచ్చినప్పుడు మన అనువాదకులు ‘కరుణాపీఠము’ అన్నారు. నిర్గమ 25లో మందసం అనే పెట్టె మీది మూతకు గ్రీకు పాత నిబంధన వాడిందీ ఇదే. పాత నిబంధన ఎరిగిన ఆనాటి శ్రోతకు ఆ మాట వినగానే ఒక వస్తువు తట్టేది. తెలుగులో ఆ తీగ తెగిపోయింది.

ఆ వస్తువు మరీ పెద్దదేం కాదు. మేలిమి బంగారం, పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర. మూరను 45 సెంటీమీటర్లు అనుకుంటే సుమారు 112కి 67, మన ఇళ్లల్లోని టీపాయ్ అంత. రెండు చివర్లా కెరూబులు, అంటే రెక్కలున్న దూతల బొమ్మలు. కింద పెట్టెలో ఆజ్ఞల పలకలు.

దాని ముందుకు ప్రధాన యాజకుడు వెళ్లేది ఏడాదికి ఒక్క రోజు, ఏడో నెల పదో తేదీన. లేవీ 16 ఆ రోజు పనిని వరసగా చెబుతుంది. స్నానం చేసి నారబట్టలు కట్టుకోవాలి. ముందు తన పాపం కోసం కోడె. ఏది బలికి, ఏది అడవికి అని రెండు మేకలకు చీట్లు వేయాలి. ధూపార్తి నిండా నిప్పులు, రెండు గుప్పిళ్ల మెత్తని పరిమళ ధూపం, పీఠం ఉన్న గదికి అడ్డంగా వేలాడే తెర లోపలికి తీసుకెళ్లి, ఆ పొగతో పీఠాన్ని కమ్మేయాలి, లేకపోతే చస్తాడు. తర్వాత కోడె రక్తం వేలితో పీఠం మీద, దాని ముందు ఏడుసార్లు. వధించిన మేక రక్తంతోనూ అంతే.

రక్తం పడేది పీఠం మీద, బలిపీఠం మీద. మనుషుల మీద కాదు. ఈ అధ్యాయంలో చెడు అంటే చేసినవాడితో ముగిసిపోయే తప్పు కాదు. అది మరకలా వచ్చి దేవుడుండే చోటికి అంటుకుంటుంది, 16వ వచనం ఆ మాటే అంటుంది. ఒక మేక ఆ మరకను కడగడానికి. పాపాలు ఒప్పుకుంటూ రెండు చేతులూ పెట్టేది రెండో మేక తల మీద. అది ప్రాణంతోనే అడవికి పోతుంది. చాలా ప్రసంగాల్లో ఈ రెండూ కలిసిపోయి, పాపాలు మోపిన మేకనే కోసేస్తారు.

ఇంకో కథ, యాజకుడి కాలికి తాడు కట్టేవారని, గంటల చప్పుడు ఆగితే శవాన్ని బయటికి లాగేవారని. తాడు బైబిల్లో లేదు, యూదుల పాత ధర్మ సంకలనమైన మిష్నాలో లేదు, మధ్యయుగపు యూదు రచనల్లో కనిపిస్తుంది. పైగా గంటలుండేది నిలువుటంగీ అంచున. లోపలికి వెళ్లేటప్పుడు ఒంటి మీదున్నవి నారబట్టలు. మోగడానికి గంటలెక్కడివి?

‘ప్రాయశ్చిత్తం’ అనే మాటతోనూ చిక్కుంది. మన వాడుకలో ప్రాయశ్చిత్తం ‘చేసుకుంటాం’, తప్పు చేసినవాడే ఉపవాసమో దానమో చేసి తీర్చుకోవాలి. లేవీ కాండంలో యాజకుడు వాళ్ల కోసం ‘చేస్తాడు’. ఉపవాసం, పని మానడం ప్రజలకూ ఉన్నాయి కానీ మరకను కడిగేది అవి కావు. క్రైస్తవ రక్షణ బోధ మొత్తం ఈ ‘చేసుకోవడం’, ‘చేయడం’ మధ్య తేడా మీదే నిలబడింది.

హిలాస్టేరియోన్‌తో చుట్టరికం ఉన్న మాటలకు హెబ్రీ 2:17లో ‘పరిహారము’, 1 యోహాను 2:2లో ‘శాంతికరము’ అని తెలుగు వచ్చింది. ఈ మాటకు అర్థం పాపం తుడిచిపెట్టడమని 1930ల్లో సి.హెచ్. డాడ్, దేవుని కోపం చల్లారడమని 1950ల్లో లియోన్ మోరిస్, ఇద్దరు బైబిల్ పండితులు చెరో పక్కన నిలబడ్డారు. ‘శాంతికరము’ మోరిస్ వైపు మొగ్గుతుంది, ‘పరిహారము’ డాడ్‌కు దగ్గర. నాకైతే రోమా పత్రికలో పౌలు వాదన 1:18లో దేవుని కోపంతోనే మొదలైంది కాబట్టి దాన్ని పక్కకు నెట్టడం కుదరదనిపిస్తుంది.

‘బయలుపరచెను’ మాత్రం మన అనువాదంలో అందంగా కుదిరింది. పౌలు రాసేనాటికి యెరూషలేము ఆలయంలో ఆ మూత లేదు, తెర వెనక గది ఖాళీ. ఉన్న రోజుల్లోనూ ఏడాదికి ఒకడే, అదీ పొగ చాటున. ఇప్పుడు ఆ పీఠం, అంటే క్రీస్తు, నలుగురూ చూసే చోట ఉందంటాడు పౌలు. హెబ్రీ పత్రిక రచయిత అదే రోజులో మరో ముక్క పట్టుకున్నాడు. ఆ కోడె, వధించిన మేక, వీటి చర్మం, మాంసం, పేడతో సహా పాళెం బయట కాల్చేసేవారు. యేసు శ్రమపడిందీ అలాగే ఊరి ద్వారం బయట అంటాడు, 13:12 చూడండి, ‘గవిని వెలుపట’.