సిరిసిల్ల సెస్ మూలాలు వెతుకుతూ నెబ్రాస్కా సెనేటర్ గురించి రాశాను: నా అనుభవం

మాది సిరిసిల్ల దగ్గరి పల్లె. మాకు కరెంటు ఇచ్చే సహకార విద్యుత్ సరఫరా సంఘాన్నే సెస్ అంటాం. దాని డైరెక్టర్ ఎన్నికలొస్తే మా ఊళ్లో సర్పంచ్ ఎన్నికలంత హడావుడి. కరెంటు వాడుకునేవాళ్లే ఓటేసి పాలకవర్గాన్ని ఎన్నుకునే ఈ పద్ధతి ఎక్కడిదా అని వెతుక్కుంటూ పోయాను. 1970 ప్రాంతంలో సెస్ పెట్టినప్పుడు అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల సమాఖ్య సాయం చేసిందని తెలిసింది. ఇంకా వెనక్కి వెళితే నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నారిస్ దగ్గర తేలాను. ఆయన గురించి తెలుగులో రాయాల్సిందే అనిపించింది.

నారిస్ 1903 నుంచి 1943 దాకా అమెరికన్ కాంగ్రెస్‌లో ఉన్నారు. అన్నేళ్ల కథను పుట్టుక నుంచి చెప్పుకొస్తే అసలు సంగతి మునిగిపోతుంది. అందుకే ఒక్కో పోరాటానికి ఒక్కో కాగితం పెట్టుకుని, సభా చర్చల రికార్డుతో సరిచూసుకుంటూ రాశాను.

1910 ఘట్టం రాయడం తేలికే. ప్రతినిధుల సభ స్పీకర్ కానన్ పెత్తనాన్ని తగ్గించే తీర్మానాన్ని ఈ నెబ్రాస్కా సభ్యుడు ఎన్నాళ్లో జేబులో పెట్టుకుని తిరిగారు. కాగితం మడతల దగ్గర చిరిగిపోయే స్థితికి వచ్చింది. సందు దొరగ్గానే బయటికి తీశారు, 191–156 ఓట్లతో నెగ్గించుకున్నారు.

టెన్షన్ పెట్టింది 1917. మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగొద్దని ఓటేసిన ఆరుగురు సెనేటర్లలో ఆయనొకరు. దేశద్రోహి అన్న నింద కూడా పడ్డారు. నా పొగడ్తలు కలపకుండా, ఆయన ప్రసంగంలోని వాదననే నా మాటల్లో పెట్టాను.

ఎక్కువ సమయం పట్టింది మాత్రం మజిల్ షోల్స్ ఆనకట్ట పోరాటానికే. అది అలబామాలో ఉంది, ఆయనకు అక్కడ ఒక్క ఓటూ లేదు. అయినా ప్రభుత్వం కట్టిన ఆ ఆనకట్ట కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ చేతికి పోకుండా అడ్డుపడ్డారు. దాన్ని ప్రభుత్వమే నడపాలన్న నారిస్ బిల్లును 1928లో అధ్యక్షుడు కూలిడ్జ్, 1931లో అధ్యక్షుడు హూవర్ ఆపేశారు. 1933లో రూజ్‌వెల్ట్ సంతకంతో టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ విద్యుత్ సంస్థ వచ్చింది. 1936లో ఆయనే సెనేట్‌లో ప్రతిపాదించిన గ్రామీణ విద్యుదీకరణ చట్టం. అప్పటికి పొలాల మధ్య ఇళ్లల్లో పదింట ఒకదానికే కరెంటు. లాభం లేదని కంపెనీలు వదిలేసిన ఊళ్లకు, ప్రభుత్వ అప్పుతో రైతులే సంఘాలు పెట్టుకుని లైన్లు లాక్కున్నారు. సెస్ సభ్యుడి కొడుకుగా ఈ భాగాన్ని ఎంత రాసినా తనివి తీరలేదు.

ఇంత చేసిన మనిషి 1942 సెనేట్ ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ ఓటమినీ దాచకుండా రాశాను. 1944లో నెబ్రాస్కాలోని మెకుక్‌లో, సొంత ఇంట్లో కన్నుమూశారు.

వ్యాసం పూర్తయింది. ఇప్పుడు సెస్ తొలినాళ్ల సభ్యుల్ని కలిసి, వాళ్ల ఇంట్లో మొదటి బల్బు ఎప్పుడు వెలిగిందో రాసుకుంటున్నాను.