మా దెయ్యం ట్రైలర్ గట్టెక్కింది – నా అనుభవం

షార్ట్ ఫిల్మ్ పోటీలో మా ట్రైలర్ సెలక్ట్ అయినట్టు నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. ఇక సినిమా పంపొచ్చట. సంతోషమూ ఉంది, కొందరి మీద కోపమూ ఉంది. రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

తేలిగ్గా అయిపోయినవి ముందు చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ ఫోన్‌లోనే అయిపోయింది. ఆధార్ కాపీ, ఫీజు, మ్యూజిక్ మాదేనని ఒక డిక్లరేషన్, అంతే. షూటింగ్ ఆషాఢంలో, అల్లవరం వైపు మా మావయ్య గారి పాత మండువా ఇంట్లో చేశాం. నటించింది మా చెల్లి. కెమెరా నేను పనిచేసే పెళ్లి వీడియోల స్టూడియోది. ఇక్కడివరకూ ఏ గొడవా లేదు.

పోటీ రూలు ఏమిటంటే, ముందు తొంభై సెకన్ల ట్రైలర్ ఇవ్వాలి. దాన్ని హాల్లో అందరి ముందూ వేస్తారు. జ్యూరీకి నచ్చితేనే సినిమా అడుగుతారు. నచ్చకపోతే మార్చుకుని ఇంకొక్కసారి తేవచ్చు.

ట్రైలర్ ఎడిటింగ్ తనే చేస్తానని మా స్టూడియో ఓనరు గారు పట్టుబట్టారు. కెమెరా ఇచ్చిన మనిషి, కాదనలేం కదా. ఆయన దగ్గర హారర్ ట్రైలర్ టెంప్లేట్ ఒకటి ఉంది. ఎక్కడ ఏ షాట్ పెట్టాలో ఖాళీలు వదిలేసి ఉంటాయి, మనం నింపుకోవడమే. బల్బు మిణుకుమిణుకు, కుర్చీ దానంతటదే ఊగడం, అద్దంలో వెనకాల ఆకారం, నల్లటి తెర మీద ఒక్కో మాటగా ‘ఆ ఇంట్లో... ఎవరూ... లేరు...’, షాట్ మారినప్పుడల్లా ‘బూం’మని ఒక పెద్ద చప్పుడు. చెరువు గట్టు మీద తీసిన షాట్ ఒకటి ఉందండీ, దానికి మంచి సౌండ్ దొరికితే బాగుంటుందని చెప్పాను. ‘నువ్వు ఊరుకోవయ్యా, జనానికి బూం పడాలి’ అన్నారు. ఊరుకున్నాను.

స్క్రీనింగ్ భీమవరంలో. గోదావరికి వరదొచ్చి సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లనీ జనాన్నీ దాటించే పెద్ద పడవ) ఆపేశారు. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేసరికి హాలు నిండిపోయింది. కాలేజీ కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, కుర్చీలేసిన వాళ్లు కూడా అక్కడే ఉన్నారు. మా చెల్లి కొత్త చుడీదార్ వేసుకుని ముందు వరసలో కూర్చుంది.

ట్రైలర్ మొదలైంది. బల్బు మిణుకుమంది. వెనక వరస నుంచి ఒకడు ‘కరెంటోళ్లకి ఫోన్ చెయ్యండ్రా’ అన్నాడు. నవ్వులు. కుర్చీ ఊగింది. ‘తాతగారు ఇప్పుడే లేచెళ్లారు’ అని ఇంకొకడు. మా చెల్లి వాష్ బేసిన్ మీదకి వంగి మొహం కడుక్కుంటోంది, ఎదురుగా అద్దం. అప్పుడు హాలంతా కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటీ, రెండూ, మూడూ. సరిగ్గా మూడు దగ్గర అద్దంలో ఆకారం వచ్చింది, బూం పడింది. చప్పట్లు, ఈలలు. దెయ్యానికి అంత స్వాగతం నేనెక్కడా చూడలేదు.

జ్యూరీలో ఒక పెద్దమనిషి చెయ్యెత్తి ‘ఆపండి బాబూ’ అన్నాడు. ట్రైలర్ ఇంకా సగంలోనే ఉంది. నన్ను స్టేజీ మీదకి పిలిచి చేతికి మైకిచ్చాడు.

‘ఏ ఊరు తమ్ముడూ?’

‘అమలాపురం దగ్గరండీ.’

‘కోనసీమలో దెయ్యాలు కూడా ఇంగ్లీషు దెయ్యాలేనా?’

మళ్లీ నవ్వులు. ‘సరే, చిన్నప్పుడు నీకు నిజంగా భయమేసింది ఎప్పుడో చెప్పు’ అన్నాడు. అంతమంది ముందు, చేతిలో మైకు, నోట్లోంచి మాట రాలేదు. ‘తెలీదా? మరి మమ్మల్నేం భయపెడదామని వచ్చావు?’ అన్నాడు. నేను ఓనరు గారి కోసం చూశాను. ఆయన కుర్చీ ఖాళీ. టీకి వెళ్లారని తర్వాత తెలిసింది.

ఇంత చేసి, స్టేజీ దిగుతుంటే ఆ పెద్దమనిషి నా భుజం తట్టి ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ‘బూం సరిపోలేదు తమ్ముడూ, సౌండ్ పెంచు’ అని. మైకులో ఒక మాట, చెవిలో ఇంకో మాట. అవమానం ఎలాగోలా దిగమింగొచ్చు. ఈ రెండు మాటల్నీ కలిపి ఏం చెయ్యాలో అర్థంకాక ఆ రాత్రంతా నిద్ర లేదు. తిరుగు ప్రయాణంలో చెల్లి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పెద్దమనుషులకి నేను చెప్పేది ఒకటే. కుర్రాణ్ని స్టేజీ ఎక్కించి జనాన్ని నవ్వించడం తేలిక. దమ్ముంటే తప్పెక్కడుందో సరిగ్గా చెప్పండి.

తర్వాత కూర్చుని పేరున్న హారర్ ట్రైలర్లు వరసపెట్టి చూశాను. అప్పుడు తెలిసింది, ఓనరు గారి టెంప్లేట్‌లో ఉన్న సరుకు చెడ్డది కాదు. సినిమాకి రెండు గంటలుంటాయి, అమ్మాయిని పరిచయం చేసి, ఇష్టపడేలా చేసి, ఆ తర్వాత భయపెట్టొచ్చు. ట్రైలర్‌కి అంత టైం ఎక్కడిది? పాత ఇల్లు, చీకటి గది, తలుపు కిర్రుమనడం, చిన్నపిల్ల పాట, ఇవి కనపడగానే ఇది దెయ్యం సినిమా అని జనం సర్దుకుని కూర్చుంటారు. వాటి పని అంతవరకే. తర్వాత ఏమొస్తుందో కూడా వాళ్లకి తెలుసు కాబట్టే లెక్కపెట్టారు. వాళ్లు అనుకున్న క్షణానికే తెచ్చి చేతిలో పెడితే అది భయం కాదు, డెలివరీ.

గట్టివాళ్లు ఆ లెక్కనే తప్పిస్తారు. 1960లో ‘సైకో’ ట్రైలర్‌లో ఆ సినిమా డైరెక్టర్ హిచ్‌కాక్ అసలు సినిమా చూపించడు. ఆరు నిమిషాలకి పైగా తనే సరదాగా ఇల్లంతా తిప్పి చూపించి, చివర్లో బాత్‌రూమ్ కర్టెన్ లాగుతాడు. అప్పుడు అరిచే అమ్మాయి సినిమాలో అక్కడ చనిపోయే నటి కూడా కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్ అనే ఇంకో నటి. 1980లో వచ్చిన ‘ది షైనింగ్’ సినిమా టీజర్ మొత్తం ఒకే షాట్. కెమెరా కదలదు, మూసిన లిఫ్టు తలుపుల మీద పేర్లు పైకి వెళ్తుంటాయి, చాలాసేపు ఏమీ జరగదు, అప్పుడు రక్తం వరదలా వస్తుంది. 2009లో ‘పారానార్మల్ యాక్టివిటీ’ వాళ్లు ట్రైలర్‌లో దెయ్యం కన్నా ఎక్కువగా చూపించింది థియేటర్లో చీకట్లో అదిరిపడుతున్న జనాన్ని. పక్కవాడు భయపడుతుంటే మనకీ భయమేస్తుంది, అదీ కిటుకు. 2018లో ‘ది నన్’ యాడ్ ఒకటి యూట్యూబ్‌లో వేశారు. తెర మీద వాల్యూమ్ గుర్తు తగ్గుతున్నట్టు కనిపిస్తుంది, సౌండ్ పోయిందేమో అనుకుంటాం, అంతలో నన్ (క్రైస్తవ సన్యాసిని) వేషంలో ఉన్న దెయ్యం అరుస్తూ మీదకొస్తుంది. మరీ దడుసుకుంటున్నారని యూట్యూబే దాన్ని తీసేసింది.

వీటన్నిట్లోనూ దెబ్బ కన్నా దెబ్బకి ముందున్న ఖాళీకే విలువెక్కువ. హఠాత్తుగా పెద్ద శబ్దమొస్తే బుర్ర ఆలోచించేలోపే ఒళ్లు ఉలిక్కిపడుతుంది, కానీ ముందు నిశ్శబ్దం ఉంటేనే అది పెద్ద శబ్దం అనిపిస్తుంది. సెకనుకో బూం వేస్తే చెవి అలవాటు పడిపోతుంది.

సరే, నిశ్శబ్దం కావాలి. మన డెల్టాలో రాత్రిపూట నిశ్శబ్దం ఎక్కడుందండీ? అల్లవరం వైపంతా రొయ్యల చెరువులు. తెల్లవార్లూ ఏరియేటర్లు, అంటే నీళ్లలోకి గాలి ఎక్కించే మిషన్లు, తిరుగుతూనే ఉంటాయి. కరెంటు పోతే ఆగుతాయి కదా అని కాపు కాశాం. కరెంటు పోయింది, వెంటనే నాలుగు వైపులా జనరేటర్లు అందుకున్నాయి. ఎడిటింగ్‌లో సౌండ్ మొత్తం తీసేసి చూశాను. అది ఇంకా ఘోరం. స్పీకర్లలోంచి అసలేమీ రాకపోతే హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినపడుతుంది, సౌండ్ సిస్టం పోయిందనుకుని జనం వెనక్కి తిరిగి చూస్తారు.

దారి చూపించింది మా నాయనమ్మ. గొడవంతా విని, ‘చిన్నప్పుడు నీకు భయమేసింది కప్పలు ఊరుకున్నప్పుడు కదరా’ అంది. అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలం రాత్రి చేలో కప్పలు ఒకటే గోల పెడుతుంటాయి. గట్టు మీద ఎవరైనా నడిస్తే ఆ వైపువి ఠక్కున ఆగిపోతాయి. వరండాలో పడుకున్న నాయనమ్మ ‘ఊరుకున్నాయి, ఆగండి, ఎవరో వస్తున్నారు’ అనేది. మనిషో, పామో, కుక్కో తెలిసేవరకు మేమంతా ఊపిరి బిగబట్టి ఉండేవాళ్లం. ఆ పెద్దమనిషి అడిగినప్పుడు ఈ ముక్క నోటికొచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఆత్రేయపురం వైపు మా పిన్ని వాళ్ల ఊళ్లో చెరువులు లేవు, అన్నీ వరి చేలే. వాన వెలిసిన రాత్రి అక్కడికెళ్లి కప్పల్ని రికార్డ్ చేశాం. ఫోన్‌తో చేయకండి, గాలికి బుర్రుమంటుంది. రికార్డర్ అద్దెకి తీసుకుని మైకుకి బొచ్చు కవర్ తొడగండి. మా బాబాయ్ లుంగీ ఎగ్గట్టి గట్టు మీద నడుస్తుంటే ఒక్కో మడిలో కప్పలు వరసగా ఆగిపోవడం హెడ్‌ఫోన్‌లో విన్నాను. చేత్తో కత్తిరించినా అంత బాగా రాదు.

ఈసారి ఎడిటింగ్ నేనే చేశాను. బల్బు తీసేశాను, కుర్చీ తీసేశాను. అద్దం మాత్రం ఉంచాను. చెల్లి వంగుతుంది, లేస్తుంది, అద్దంలో ఏమీ లేదు. తను ఊపిరి వదులుతుంది, వెనకాల దూరంగా కప్పల గోల. అప్పుడు ఒక పక్కన కప్పలు ఆగుతాయి. తర్వాత ఇంకొంచెం దగ్గరవి. తర్వాత కిటికీ కిందవి. చెల్లి కళ్లు మెల్లగా అటు తిరుగుతాయి. ఆ అరసెకను మా చెల్లి చేసినట్టు పేరున్న హీరోయిన్లు కూడా చేయలేరు, పందెం. దడేల్‌మని కొబ్బరి మట్ట పడుతుంది. ఇది 1942 నాటి ‘క్యాట్ పీపుల్’లోని పాత కిటుకే. అందులో ఒకమ్మాయి రాత్రి భయపడుతూ నడుస్తుంటే బుస్సుమంటూ వచ్చింది మృగం కాదు, బస్సు. మా దగ్గర బస్సు పని మట్ట చేసింది. చెల్లి నవ్వేస్తుంది. కప్పలు మాత్రం మళ్లీ మొదలుకావు. టైటిల్ పడుతుంది.

టైటిల్ తర్వాత ఇంకో అరుపు పెట్టడం రివాజు. నేను అక్కడ చీకటి తెర మీద కప్పల్ని ఒక్కసారిగా మళ్లీ మొదలుపెట్టించాను. ఆ వచ్చింది దాటి వెళ్లిపోయిందో, ఇంట్లోకి వచ్చేసిందో ఎవరికి వాళ్లు అనుకోవాలి.

మిక్సింగ్ (సౌండ్లన్నీ కలిపి సరిచేసే పని) దగ్గర డబ్బుకి వెనకాడకండి. ఫోన్ స్పీకర్లో విని సూపర్ అనే స్నేహితుల మాట అసలు నమ్మకండి. పెద్ద స్పీకర్లలో ఒక్కసారైనా వినాలి. మొదట వెళ్లిన చోట కుర్రాడు కప్పల్ని డిస్టర్బెన్స్ అనుకుని శుభ్రంగా తుడిచేసి, పైగా దానికి ఎక్స్‌ట్రా చార్జి వేశాడు. అక్కణ్నుంచి ఫైలు తెచ్చేసుకుని వేరే చోట చేయించాను.

రెండోసారి మమ్మల్ని చూడగానే ‘కరెంటోళ్లు వచ్చార్రోయ్’ అని వెనక వరస అందుకుంది. అద్దం దగ్గర లెక్క కూడా మొదలైంది. మూడు అయింది, ఏమీ రాలేదు. నాలుగు అన్నవాడు ఒక్కడే. కప్పలు ఆగినప్పుడు, పల్లెటూళ్ల నుంచి వచ్చిన పెద్దవాళ్లు ముందుకు వంగడం నేను పక్కనుంచి చూశాను. మట్ట పడ్డప్పుడు ఆ కరెంటు జోకు వేసినవాడే కెవ్వుమన్నాడు. ఈ ఒక్కటీ చాలు నాకు.

జ్యూరీ పెద్దమనిషి ‘బాగానే ఉంది కానీ బూం ఒకటి పడుంటే...’ అని నసిగాడు. పక్కనే ఉన్న మేడం గారిది పాలకొల్లు దగ్గర పల్లెటూరట. ‘మా ఇంట్లో కప్పలు ఊరుకుంటే మమ్మల్ని బయటికి రానిచ్చేవారు కాదండీ’ అని ఆయన నోరు మూయించారు. ఆవిడ లేకపోతే ఏమయ్యేదో.

ఇప్పుడు పని ఏమిటంటే, సినిమాలో కప్పలూ లేవు, మట్టా లేదు. ట్రైలర్ చూసి వచ్చినవాళ్లు వాటికోసమే చూస్తారు కాబట్టి సినిమా సౌండ్ మొత్తం మళ్లీ కట్టాలి. వానలు వెళ్లిపోయేలోపే ఇంకా రికార్డింగ్ చేసుకోవాలి. సెలక్ట్ అయిన సంగతి పొద్దున్న ఓనరు గారికి చెప్పాను. ట్రైలర్‌కి ఎడిటింగ్ అని తన పేరే వేయాలన్నారు. కెమెరా ఆయనది, వేస్తాను. ఫాంట్ సైజు మాత్రం నా ఇష్టం.