పెతీత్-తెర్: తల తిప్పి చూడని ఇగ్వానాలు

గురువారం రాత్రి, సాన్-ఫ్రాన్స్వా

చలికోట్లు లియాన్‌లో వదిలేసి వచ్చి, ఇక్కడ ఫ్యాను కింద తడి జుట్టుతో కూర్చుని రాస్తున్నాను. పిల్లలకు ఫిబ్రవరి సెలవులు. పారిస్ నుంచి ఎనిమిది గంటలకు పైగా విమానంలో కూర్చుని అట్లాంటిక్ దాటాం కానీ దేశం దాటలేదు. కరీబియన్ సముద్రంలోని ఈ గ్వాడలూప్ దీవి 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లా. అదే యూరో, అవే పసుపు పోస్టు డబ్బాలు, సూపర్ మార్కెట్లో అదే పొడుగాటి రొట్టె. ఎండ ఒక్కటే కాకినాడది.

ఇవాళ కాటమరాన్ ఎక్కి పెతీత్-తెర్ వెళ్ళి వచ్చాం. గ్వాడలూప్ తూర్పు కొనకు ఆవల, సముద్రంలో పక్కపక్కనే ఉన్న రెండు చిన్న దీవులు. మనుషులెవరూ ఉండరు. 1840లో కట్టిన లైట్‌హౌస్ ఒకటుంది. 1972లో దాన్ని యంత్రానికి అప్పగించాక కాపలా మనిషి కూడా వెళ్ళిపోయాడు. 1998 నుంచి ఆ దీవులూ చుట్టూ ఉన్న సముద్రమూ కలిపి ప్రకృతి రిజర్వు. రెండింటిలో తెర్-ద-బా అనే దానిమీద మాత్రమే మనం కాలు పెట్టవచ్చు. రెండోదాని వైపు చూడవచ్చు, అంతే.

పొద్దున్న ఎనిమిదింటికల్లా మెరీనాలో, అంటే పడవల రేవులో, ఉండమన్నారు. చెప్పులన్నీ ఒక బుట్టలో వేయించి మరీ ఎక్కించారు. కెప్టెన్ ఏమీ దాచలేదు. వెళ్ళేటప్పుడు కుదుపులుంటాయి, వచ్చేటప్పుడు ఉండవు, సముద్రం పడనివాళ్ళు ఇప్పుడే మాత్ర వేసుకోండి అన్నాడు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తూర్పు నుంచే వీస్తుంది. బడిలో వ్యాపార పవనాలని బట్టీ పట్టించినవి ఇవే. ఆఫ్రికా ఒడ్డు వదిలాక వాటికి అడ్డుపడే నేలంటూ లేదు. అట్లాంటిక్ పొడవునా పేరుకుంటూ వచ్చిన అలలన్నీ మొదట తగిలేది ఈ వైపు దీవులకే. మేము వెళ్ళాల్సింది ఆ గాలికి ఎదురుగా. అందుకే తెరచాపలు విప్పకుండా ఇంజన్ల మీదే బయలుదేరారు. రెండు సన్నటి పడవలను కలిపి మీద వేదిక బిగించిన కట్టడం కాబట్టి కాటమరాన్ పక్కలకు పెద్దగా ఒరగదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు ప్రతి అల మీదికీ ఎక్కి దబ్బున కిందపడుతుంది.

మా ఆయన మాత్ర వద్దన్నారు. గోదావరి లాంచీల మీద పెరిగిన మనిషినన్నారు. సముద్రానికి ఆ సంగతి తెలియదు పాపం. పాయింత్ దె షాతో కొన మీద ఉన్న పెద్ద శిలువ వెనక్కి పోయేసరికి ఆయన వెనక బెంచీ మీద, దిగంతం మీద చూపు నిలిపి, ఎవరు పలకరించినా చెయ్యి మాత్రం ఊపే స్థితికి వచ్చారు. పిల్లలేమో ముందు వైపు కట్టిన వల మీద బోర్లా పడుకుని, కింద నుంచి నీళ్ళు చిమ్మిన ప్రతిసారీ కేకలు. డిసెంబరు నుంచి మే దాకా ఈ నీళ్ళలోకి హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి. వాటి కోసం ఫ్రెంచి కరీబియన్ సముద్రం మొత్తాన్నీ 2010లో అగోవా పేరుతో సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దూరంగా నీటి చిమ్ము కనిపిస్తే అరవండి అన్నాడు కెప్టెన్. మా అబ్బాయి చాలాసార్లు అరిచాడు. అన్నీ అల నురగలే.

దారిలో కనిపించింది మాత్రం సర్గాసం. పసుపు గోధుమరంగు నాచు, చాపలు చాపలుగా తేలుతూ. 2011 నుంచి ఈ ద్వీపాలకు అదొక పీడ. నీటి మీద ఉన్నంతసేపు అందంగానే ఉంటుంది, దాని నీడన చేప పిల్లలు పెరుగుతాయి కూడా. ఒడ్డుకు చేరి కుళ్ళితే మాత్రం కోడిగుడ్డు మురిగిన వాసన. మొన్న ఒక బీచిలో కారు దిగి, దిగినంత వేగంగా మళ్ళీ ఎక్కాం.

రెండు దీవుల మధ్యనున్న లగూన్‌లోకి, అంటే లోతు లేని నిశ్చలమైన నీళ్ళలోకి, వెళ్ళాలంటే ఇరుకైన దారి గుండా, విరిగే అలల మధ్య నుంచి దూరాలి. కెప్టెన్ అప్పటిదాకా చెబుతున్న కబుర్లు ఆపేశాడు. వెనక నుంచి అల లేచేదాకా ఆగి, దానితో పాటే లోపలికి నడిపించేశాడు. అంతే, కుదుపులు ఆగిపోయాయి. నీళ్ళ అడుగున ఇసుక మీద మా పడవ నీడ స్పష్టంగా కనిపించింది. లంగరు వేయడం నిషేధం, కింద గడ్డి పెళ్ళగిల్లుతుంది కాబట్టి. రిజర్వువాళ్ళు ముందే బిగించి ఉంచిన బోయాలకే, అంటే నీటి మీద తేలే బుడ్డలకే, కట్టాలి. మా ఆయన లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

నాకు ఈత అంతంతమాత్రం. చెరువుల్లో నేర్చుకున్న అన్నయ్యలు నన్ను గట్టు మీద బట్టలకు కాపలా పెట్టేవారు. అందుకని నడుముకు తేలే బెల్టు కట్టమన్నాను. నల్ల టీషర్టు పొడుగు చేతులది వేసుకున్నాను, సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్ళలో దిగవద్దు, పగడాలకు మంచిది కాదు, బట్టే కప్పుకోండి అని చెప్పారు కనుక. మాస్కు అద్దం లోపల ఉమ్మి, వేలితో రుద్ది, నీళ్ళతో కడిగితే ఆవిరి పట్టదు. ఇన్ని యంత్రాలు కనిపెట్టిన మనిషికి దీనికి ఇంతకంటే మర్యాదైన ఉపాయం దొరకలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

మొదటి కొన్ని నిమిషాలు నేను చేపలను చూడలేదు, నా ఊపిరినే విన్నాను. నోటితో పీల్చు, నోటితో వదులు. ముక్కు మూతపడి ఉంటే బుర్ర ఒప్పుకోదు, మునిగిపోతున్నావని గోల పెడుతుంది. మా అమ్మాయి పక్కన తేలుతూ నా చెయ్యి పట్టుకుంది. స్నార్కెల్ గొట్టంలోంచి ఏదో అంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. వేలితో చూపించింది.

తాబేలు. పచ్చ తాబేలు, డిప్ప నా చేతులు చాపినంత ఉండదు గానీ దగ్గరగానే ఉంటుంది. అడుగున సముద్రపు గడ్డి మేస్తోంది. దగ్గర నుంచి చూస్తే అది మేయడం కూడా ఒక పనిలా చేస్తుంది: ముందు రెక్కతో ఇసుకలో నిలదొక్కుకుంటుంది, తల వంచి గడ్డి కుచ్చును ముక్కుతో అందుకుంటుంది, కొంచెం వెనక్కి లాగి తెంపుతుంది. తెంపిన చోట చిన్న ఇసుక పొగ లేస్తుంది. నోటి పక్క నుంచి ఒక గడ్డి పోచ వేలాడుతూనే ఉంది, దాన్ని లోపలికి లాక్కునే తొందర ఏమీ లేదు. డిప్ప మీద గళ్ళ మధ్య నాచు పట్టి ఉంది. కొంతసేపటికి అది తినడం ఆపి, నావైపే పైకి వచ్చింది. నేను చేతులు దగ్గరికి ముడుచుకున్నాను, ముట్టుకోవద్దన్నారు కాబట్టీ, భయం కాబట్టీ. నీటిపైన తల పెట్టి ఫుస్సున ఊపిరి తీసుకుంది. ఆ చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. నన్ను చూసింది, అంతవరకు నిజం. ఆ చూపులో కుతూహలం కూడా లేదు. మళ్ళీ కిందికి దిగి, వదిలిన చోటే మేత మొదలుపెట్టింది.

ఆ తర్వాత చిలుక చేపలు, నీలం సర్జన్ చేపలు, ఇసుకలో సగం కప్పుకుని పడుకున్న టేకు చేప ఒకటి చూశాం. ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో సొర పిల్లలున్నాయి. లెమన్ షార్క్ అనే జాతి, మూరెడు పొడవు. తల్లులు ఇలాంటి లోతు లేని చోట్లకు వచ్చి కంటాయి, పెద్ద సొరలు ఇక్కడిదాకా రాలేవు కనుక పిల్లలు కొన్నేళ్ళు ఇక్కడే పెరుగుతాయి. మా అబ్బాయి కదలకుండా నిలబడితే అతని పిక్కల చుట్టూ తిరిగి వెళ్ళాయి. ఇంట్లో భోజనానికి కూర్చుంటే రెండు నిమిషాలు నిలకడగా ఉండని పిల్లవాడు పావుగంట కొయ్యలా నిలబడ్డాడు. పెంపకంలో నాకు తట్టని పద్ధతి ఇది.

దీవి మీద కాలు పెట్టగానే ఇగ్వానాలు, పెద్ద తొండల్లాంటివి. ఇవి కరీబియన్ తూర్పు అంచున వరుసగా ఉన్న చిన్న ఆంటిలీస్ దీవులకే పరిమితమైన జాతి, ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు. ఆడవీ పిల్లవీ పచ్చగా, ముదిరిన మగవి బూడిదరంగులో ఉంటాయి. చాలా దీవుల్లో ఇవి తుడిచిపెట్టుకుపోతున్నాయి. కారణం వేట కంటే కూడా బయటి నుంచి వచ్చిన మామూలు పచ్చ ఇగ్వానా. అది వీటితో జతకట్టి సంకరం చేసేస్తుంది, కొన్ని తరాల్లో అసలు జాతి మిగలదు. గ్వాడలూప్ ప్రధాన భూభాగం మీద ఇప్పుడు దాని రాజ్యమే. ఈ దీవి మీద మాత్రం అది ఇంకా పాతుకుపోలేదు, అందుకే వేల సంఖ్యలో ఇవి ఇక్కడ బతికి ఉన్నాయి. రిజర్వు ఉద్యోగి ఒకామె వచ్చి నియమాలు చెప్పింది. తినడానికి ఏమీ పెట్టవద్దు, బాట దిగవద్దు, శంఖం గాని గవ్వ గాని తీసుకోవద్దు, అందులో పీత కాపురం ఉంటుంది. అరటిపండు తొక్క కూడా వెనక్కి తీసుకుపోవాలి.

ఒక ముసలి మగ ఇగ్వానా సరిగ్గా బాట మధ్యలో పడుకుని ఉంది. మేము ఆగాం. అది లేవలేదు. మా వెనక ఒక బెల్జియం కుటుంబం ఆగింది. గొంతు కింద తిత్తి కొంచెం ఆడుతోంది, కన్ను సగం మూసి ఉంది. తప్పుకొమ్మని ఎవరు చెబుతారు? పక్కన బాట దిగడానికి లేదు. అలా ఒక దీవి మీద పదిమంది మనుషులం ఒక తొండ జాతి ప్రాణి నిద్ర లేచేదాకా వరుసలో నిలబడ్డాం. నాకు ఎంత హాయిగా అనిపించిందో! ఇంట్లో, ఆఫీసులో, ఫోనులో ఎక్కడ చూసినా ఎవరో ఒకరికి నాతో పని. మన ఊళ్ళో అయితే ఆవు కూడా చేతిలో ఏముందో అని చూస్తుంది. ఇక్కడ పొద్దుటి నుంచి ఏ ప్రాణికీ నాతో పని లేదు. ఎవరికీ పట్టకపోవడం కోసం డబ్బు కట్టి సముద్రం దాటి రావడం మా అత్తగారికి వివరించి చెప్పలేను గానీ, ఇవాళ్టి టికెట్టుకు సరిపడా సుఖం నాకు అక్కడే ముట్టింది.

భోజనం పడవ మీదే. ముందు రమ్ము, నిమ్మ, చెరకు చక్కెర కలిపిన తి-పంచ్ చిన్న గ్లాసుల్లో; నేను పళ్ళరసం పుచ్చుకున్నాను. ఉప్పు చేప తరిగి పిండిలో కలిపి వేయించిన అక్రాలు మన పునుగుల్లా ఉన్నాయి, ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు. తర్వాత అన్నం, కోడి కొలొంబో అనే ఇక్కడి మసాలా కూర. ఒక్క ముద్దకే తెలిసింది: ధనియాలు, పసుపు, జీలకర్ర, ఆవాలు, మెంతులు. కారం మాత్రం ఎక్కడా లేదు.

వడ్డిస్తున్న కుర్రవాడు మేము తినే తీరు చూసి దగ్గరికి వచ్చాడు. పడవ ఎక్కినప్పటి నుంచి చూస్తున్నాను, మా మేనమామ కొడుకు పోలికలే.

"ఇండియానా, మేడమ్?"

"అవునండీ. యానాం దగ్గర. అమ్మమ్మగారి ఊరు యానామే."

యానాం పేరు అతనికి తెలుసు! బడిలో ఫ్రెంచివారి పాత స్థావరాల జాబితాలో చదివాడట. వాళ్ళ తాత ముత్తాతలు ఓడ దిగింది ఇక్కడే. 1848లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చి, 1854 నుంచి 1889 దాకా పాండిచ్చేరి, కారైకాల్, కలకత్తా రేవుల నుంచి నలభై వేల మందికి పైగా గ్వాడలూప్‌కు తెచ్చారు. వాళ్ళ పిల్లలకు ఫ్రెంచి పౌరులుగా ఓటు హక్కు రావడానికి 1923 దాకా పట్టింది, అదీ ఆన్రీ సిదంబరోమ్ అనే ఆయన దాదాపు ఇరవై ఏళ్ళు కోర్టులతో, అధికారులతో పోరాడితే. ఈ కుర్రవాడికి అవన్నీ తెలుసు. తమ ఊరి పేరు మాత్రం తెలియదు. గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడు, అది ఏ పటంలోనూ దొరకలేదు అన్నాడు.

"మీ వైపు కూడా మారియమ్మకు మేకను ఇస్తారా?"

"అమ్మవారి జాతరల్లో ఇస్తారు."

అతని ముఖం వెలిగింది. పూజలో పాడే తమిళ పాటలు వాళ్ళ నాన్నకు కంఠతా వచ్చట, అర్థం మాత్రం తెలియదట. మా ఇంట్లో సంస్కృత మంత్రాల సంగతీ అంతేనని చెబితే పగలబడి నవ్వాడు. ఇంకో గరిటె కొలొంబో వేసి వెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి. ఇంజన్లు ఆపి తెరచాపలెత్తారు. లా దెజిరాద్ ద్వీపం బల్లపరుపుగా కుడివైపు కనిపించింది. మా ఆయన కెప్టెన్ పక్కన చేరి గాలుల గురించి ప్రశ్నలడిగారు, పొద్దున్న బెంచీ మీద పడి ఉన్న మనిషి తాను కానట్టే.

దారిలో మార్కెట్లో ఆగి కొలొంబో పొడి కొన్నాను. అమ్మే ఆమె చీటీ మీద వంట విధానం రాసి ఇవ్వబోతే వద్దనడానికి మొహమాటమై తీసుకున్నాను. రాత్రి బంగాళాదుంపలతో వండితే, ఎండుమిరపకాయ లేదేమని పిల్లల గోల. ఉన్నా వేయను, ఈ ఊరి కూర ఈ ఊరి పద్ధతిలోనే తినండి అన్నాను.

రేపు సుఫ్రియేర్ అగ్నిపర్వతం ఎక్కుదామని మా ఆయన, వద్దు మళ్ళీ తాబేళ్ళ దగ్గరికే అని పిల్లలు. నా ఓటు ఇంకా వేయలేదు. టీషర్టు కప్పని చోటల్లా, ముఖ్యంగా మోకాళ్ళ వెనక, చర్మం కందిపోయి మండుతోంది. ముందు పెరుగు రాసుకుని బోర్లా పడుకోవాలి.