మాస్టారు రాని రోజు

విజయవాడ, మంగళవారం రాత్రి

ఉదయం ఆరున్నరకు సత్యనారాయణపురంలోని మా వీధి చివర ఉన్న పఠనమందిరానికి వెళ్లేసరికి మాస్టారు లేరు. రాత్రి నుంచి జ్వరమట. అయినా తలుపులు తెరిచే ఉన్నాయి, తుడిచిన గచ్చు తడి ఇంకా ఆరలేదు, దినపత్రికలు బల్ల మీద ఎప్పటిలాగే పరిచి ఉన్నాయి. గ్రూప్ టూ పరీక్షకు చదువుకోవడానికి రోజూ వచ్చే అమ్మాయి చేతిలో తాళంచెవి కనిపించింది.

నాలుగేళ్ల క్రితం చదివేవారు లేరని ఈ గదికి తాళం వేసినప్పుడు, ఉద్యోగ విరమణ చేసిన ఈ తెలుగు మాస్టారు ఒక్కరే ఇంటింటికీ తిరిగి పాత పుస్తకాలు అడిగారు. మా గుమ్మంలోకి వచ్చినప్పుడు, “మీరొక్కరు ఏం చేయగలరు మాస్టారూ?” అన్నాను. ఆయన వాదించలేదు, “పుస్తకాలుంటే ఇవ్వు నాయనా” అని మాత్రం అన్నారు. ఆ మాట అన్నందుకు నాకు ఈనాటికీ బాధగానే ఉంది.

ఇదే ఊళ్లో 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపించేనాటికి అయ్యంకి వెంకటరమణయ్య గారికి ఇరవై నాలుగేళ్లయినా నిండలేదు. మరుసటి ఏడు ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రికను ప్రారంభించి, ఊరూరా గ్రంథాలయం ఉండాలన్న పట్టుదలతోనే జీవితమంతా గడిపారు. పద్మశ్రీ వచ్చింది 1972లో, ఎనభై రెండో ఏట. ఆయన పేరు కంటే ఆ పనిని అందిపుచ్చుకున్నవారిని తలచుకున్నప్పుడే నా మనసు ఎక్కువగా నిండుతుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు సీమలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. గంటల తరబడి సాగే ఆ పడవ ప్రయాణంలో, చేతిలో పుస్తకం పట్టుకున్న కూలి మనిషినో రైతునో ఊహించుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. మాస్టారు సగంలో వదిలిన బైండింగ్ పనిని ఆ అమ్మాయి అందుకుంది. అట్ట ఊడిన నిఘంటువు కాగితాలను అంచులు కలిపి సరిచేసి, దబ్బనంతో మూడు రంధ్రాలు పొడిచి, మైనం రాసిన దారాన్ని నడిమి రంధ్రంలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ తీసి, ముడి మళ్లీ నడుమకే వచ్చేలా బిగించింది. చీడ పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి మైదా జిగురు ఉడికించడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుందట. పుస్తకం వీపుకు ‘కాలికో’ అనే బైండింగ్ గుడ్డ అంటించేటప్పుడు ఒక్కరి చేతులు చాలవు కనుక రెండో అంచు నేను పట్టుకున్నాను.

ఇంతలో మాస్టారి దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. గొంతు బాగా నీరసించి ఉంది. ఒంట్లో ఎలా ఉందని నేను అడిగేలోపే, “గుడ్డ వంకర పోనివ్వకండి, పైన రెండు ఇటుకలు పెట్టి రేపటిదాకా కదపకండి” అన్నారు.