గంటకు 35 రూపాయల కప్పలు

మాది ఇబ్రహీంపట్నం, కొండపల్లి పక్కనే. విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఆదివారం తెల్లారిందంటే గాలం పట్టుకుని ఏదో ఒక చెరువుగట్టు మీద ఉంటాను. నా పిచ్చంతా కొరమేను మీదే. గుర్రపుడెక్క కిందో తామరాకుల కిందో నక్కి, పైన ఏదైనా కదిలితే ఒక్కసారిగా కొడుతుంది. ఆ చప్పుడు విన్నవాడు మరుసటి ఆదివారం ఇంటిపట్టున ఉండలేడు.

ఊళ్లలో బతికున్న కప్పనే ఎరగా గాలపు ముల్లుకి గుచ్చి వదులుతారు. నాకది చేయబుద్ధి కాలేదు. కొన్న రబ్బరు కప్పలేమో నాలుగు కాట్లకే చిరిగిపోయేవి. మూడేళ్ల కిందట ఎర కప్పల్ని చెక్కతో నేనే చేయడం మొదలుపెట్టాను.

చెక్క కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి తేలిగ్గా ఉంటుంది, చాకుకి మెత్తగా తెగుతుంది. బొమ్మల కాలనీలో తెలిసిన పెద్దాయన పనికిరాని ముక్కలు సంచీలో వేసిచ్చేవాడు. ఆయన్ని చూసి మొదటి విడత కప్పలకి మక్కు పూశాను. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. అద్దాల బీరువాలో ఉండే ఏనుగు అంబారీ బొమ్మకి చక్కగా సరిపోతుంది. చెరువులో అరగంటకే మెత్తబడి ఊడొచ్చింది. అప్పటినుంచి చెక్కలోకి నీళ్లు దిగకుండా సీలర్, రంగు, పైన ఆరితే గట్టిపడే ఎపాక్సీ రెండు పూతలు.

కప్ప నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. ముక్కు పైకి లేచి ఉండేలా వెనకవైపు సీసం ముక్క దిగ్గొడతాను. జంట ముల్లు మొనలు పైకి చూడాలి, లేకపోతే నాచుకి తగులుకుంటుంది. చివర గిర్రున తిరిగే చిన్న రేకు. ముల్లు బిగించే ముందు ప్రతి కప్పనీ బకెట్లో వదిలి చూస్తాను. ఇరవై చేస్తే నాలుగు పక్కకి ఒరుగుతాయి. వాటిని ఒక అట్టపెట్టెలో పడేసేవాణ్ణి.

అమ్మకం నేను అనుకుని మొదలుపెట్టింది కాదు. గట్టు మీద ఒకతను నా కప్పని చేతిలోకి తీసుకుని "అన్నా, ఎంత?" అన్నాడు. నా నోట్లోంచి "వంద" అని వచ్చేసింది. అంతే, రేటు ఖరారైపోయింది. ఆఫీసులో లారీ డీజిలు దగ్గర రూపాయి తేడా వస్తే రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చునేవాణ్ణి, ఇక్కడ కాగితం మీద ఒక్క అంకె వేయలేదు.

వాట్సాప్‌లో ఫొటో పెడితే పదహారు కప్పలూ మూడు రోజుల్లో అయిపోయాయి. కాలర్ ఎగరేసి మా ఆవిడకి చెప్పాను. తను పెన్ను తీసుకుంది.

"చెక్క, సీసం, తీగ, రంగు కలిపి ఎంత?"

ఒక్కోదానికి 24 రూపాయలు. ఇరవైకి 480. ముల్లు, రింగు, రేకు 36. అవి పదహారింటికే కాబట్టి 576. డబ్బా, కవరు 12 చొప్పున 192. మొత్తం 1,248. వచ్చింది 1,600. మిగిలింది 352.

"ఎన్ని గంటలు కూర్చున్నారు?"

రెండు ఆదివారాల్లో పది గంటలు.

"గంటకి 35 రూపాయలండీ. కొబ్బరిబోండం కూడా రాదు."

నాకు నిజంగా తల తిరిగింది. మర్నాడు ముక్కల కోసం వెళ్లినప్పుడు పెద్దాయనకి ఈ సంగతి చెప్పాను. ఆయన పని ఆపకుండానే "అంబారీ కొనడానికొచ్చినవాళ్లకి నేనెప్పుడైనా కర్ర ఖరీదు చెప్పడం విన్నావా?" అన్నాడు.

రేటు 220 చేశాను. ఆ మెసేజ్ పంపడానికి రెండు రోజులు పట్టింది. మూడుసార్లు టైప్ చేసి చెరిపేశాను. "సరుకు ధరలు పెరిగినందువల్ల" అని ఒక సాకు కూడా రాసి, సిగ్గేసి తీసేశాను. ఆన్‌లైన్‌లో వంద లోపే రబ్బరు కప్ప దొరుకుతోంది కదా అని ఇద్దరు అడిగారు. దొరుకుతోంది, కొనుక్కోండి అన్నాను. అలా అనగలిగినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ఆ నెల అమ్మింది ఐదే. కానీ ఆ ఐదుగురిలో ముగ్గురు మళ్లీ అడిగారు. రేటు వంద ఉన్న రోజుల్లో అలా తిరిగి వచ్చింది ఒక్కడే. మా బావ మాత్రం ఇప్పటికీ డబ్బులివ్వడు. ఆ పద్దు వేరు.

దారిలో రెండు దెబ్బలు తగిలాయి. ఒక దుకాణాయన పది కప్పలు తీసుకుని, అమ్మాక తన కమీషన్ పోను ఇస్తానన్నాడు. కాగితం రాసుకోలేదు. నాలుగు నెలల తర్వాత వెళితే మూడు కప్పలు మేకుకి వేలాడుతున్నాయి, ముళ్లు తుప్పుపట్టి. మిగతా ఏడూ ఏమయ్యాయంటే "పిల్లాడు చూసుకుంటాడు, వాణ్ణడగాలి" అన్నాడు. ఇంతవరకూ ఆ పిల్లాడు నాకు కనబడలేదు. ఇప్పుడు దుకాణాలకి ముందు డబ్బు మీదే ఇస్తున్నాను, 160కి.

రెండోది పార్సిలు. మొదటి కవర్లోంచి ముల్లు బయటికి పొడుచుకొచ్చి, తెరుస్తుంటే కొన్నతని వేలికి దిగింది. ఆ తర్వాత మొనలకి థర్మోకోల్ గుచ్చి, గట్టి డబ్బాలో పెట్టి పంపుతున్నాను. స్పీడ్ పోస్టులో బరువు ఒక హద్దు దాటితే తర్వాతి స్లాబు, రేటు పెరుగుతుంది. ఒక కప్ప డబ్బాతో సహా ఆ లోపలే ఉంటుంది, రెండు దాటేస్తాయి. అందుకని రెండు అడిగినవాళ్లకి మూడు తీసుకోమని చెబుతాను, పోస్టు ఖర్చు ఒకటే కాబట్టి. ఉద్యోగంలో నేర్చుకున్నది పనికొచ్చింది ఇక్కడే అనుకుంటాను.

జీఎస్టీ సంగతి నాకు ముందే తెలుసు. ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. నాది వేలల్లో ఉంటుంది. కానీ సరుకు రాష్ట్రం దాటితే ఆ పరిమితి వర్తించదు, మొదటి అమ్మకానికే రిజిస్ట్రేషన్ ఉండాలి. చేతివృత్తుల వస్తువులకి మినహాయింపు ఉంది గానీ, కప్ప అందులోకి వస్తుందని వాదించే ఓపిక నాకు లేదు. కాబట్టి శ్రీకాకుళానికి పంపుతాను, పక్కనున్న ఖమ్మానికి పంపను. అక్కడివాళ్లు ఫోన్ చేసి తిడుతుంటారు.

మొన్న మైలవరం నుంచి ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. 220 అనగానే మొహం చిన్నబుచ్చుకుని, మూలనున్న అట్టపెట్టెలోకి చూసి "మరి ఇవి?" అన్నాడు. సరిగా తేలవని చెప్పాను. అయినా ఫర్వాలేదన్నాడు. రెండింటికి ముళ్లు బిగించి 80 చొప్పున ఇచ్చాను.

ఆదివారం సాయంత్రం ఫొటో వచ్చింది. మోచేతి పొడుగు కొరమేను. వెనకే ఫోను. "అన్నా, దెబ్బతిన్న కప్పలా ఒరిగి పోతోంది, వదలకుండా కొడుతున్నాయి. అట్లాంటివే పది కావాలి. 220 అయినా ఇస్తా."

పెట్టెలో మిగిలింది రెండే. ఈసారి సీసాన్ని కావాలనే కాస్త పక్కకి జరిపి ఆరు చేశాను. ఆరూ బకెట్లో వెల్లకిలా పడ్డాయి.