గుత్తి నుంచి వెళ్లిపోయిన సమాధిని వెతుక్కుంటూ

గుత్తికోట చూడవచ్చిన బంధువులకు కొండ మీదికి దారి చూపించడం చిన్నతనంలో నా పని. కొండ దిగి వచ్చాక వారిలో ఎవరో ఒకరు కింద ఉన్న తెల్లవారి సమాధుల వైపు చెయ్యి చూపి "మన్రో దొర ఇక్కడే గదా?" అని అడిగేవారు. "పూడ్చింది ఇక్కడే, ఇప్పుడు లేడు" అని మా పెద్దనాన్న ప్రతిసారీ అదే జవాబు చెప్పేవాడు. పూడ్చిన మనిషి పూడ్చిన చోట లేకుండా ఎట్లా పోతాడో ఆ వయసులో నాకు అంతుపట్టేది కాదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోను గుత్తికి తెచ్చి ఖననం చేశారనీ, నాలుగేళ్ల తరువాత 1831లో ఆ అవశేషాలను వెలికితీసి మద్రాసు కోటలోని చర్చికి తరలించారనీ చాలా ఆలస్యంగా చదివి తెలుసుకున్నాను. ఆ చర్చికి వెళ్లి చూడటం మాత్రం మొన్నటి చలికాలం దాకా కుదరలేదు.

గుత్తిలో రైలెక్కితే తాడిపత్రి, కడప, రేణిగుంట, అరక్కోణం మీదుగా మద్రాసు చేరుతాం. మన్రో 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఏలిన దత్తమండలాల మధ్య నుంచే ఈ దారిలో చాలా భాగం సాగుతుంది. నిజాం ఈ ప్రాంతాన్ని 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు కాబట్టి దత్తమండలాలు అయ్యాయి. రాయలసీమ అన్న పేరు 1928లో గానీ రాలేదు. మన్రో ఇక్కడ పాళెగాళ్లను అణచి, పొలం పొలానికీ పైమాషీ (కొలత) చేయించి, ప్రతి రైతుకూ నేరుగా శిస్తు విధించాడు. ఆ శిస్తు ఎంత బరువైనదంటే, 1807లో పదవి విడిచి వెళ్లేటప్పుడు దానిని నాలుగో వంతు తగ్గించమని ఆయనే సిఫారసు చేయవలసి వచ్చింది. అయినా సీమలో పిల్లలకు మన్రోలప్ప అనీ మన్రోలయ్య అనీ పేర్లు పెట్టుకున్నారు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించినప్పుడల్లా నాకు కొంత ఇబ్బందిగానే ఉంటుంది.

సెయింట్ జార్జ్ కోటలో ఇప్పుడు తమిళనాడు సచివాలయం, శాసనసభ ఉన్నాయి. అందువల్ల చర్చి చూడటానికి వచ్చినవారు కూడా గుర్తింపు కార్డు చేత పట్టుకొని, సంచి తెరిచి చూపించి లోపలికి పోవలసిందే. ఫైళ్లతో హడావుడిగా నడిచే గుమాస్తాల మధ్య నుంచి పక్కకు తిరిగితే తెల్లటి గోడలతో, పైన సన్నటి శిఖరంతో సెయింట్ మేరీస్ చర్చి కనిపిస్తుంది. మెదక్ చర్చిని చూసిన కళ్లతో వెళ్లేవారికి ఇది మరీ చిన్నదిగా తోస్తుంది. ఆ పోలిక నిజానికి న్యాయం కాదు. మెదక్‌లోని కట్టడం కరువు రోజుల్లో పనులు కల్పిస్తూ ఒక మిషనరీ కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ఆరాధనకు తెరిచిన మహామందిరం. మద్రాసు కోటలోనిది ఒక వర్తక సంస్థ ఉద్యోగులు తమ ప్రార్థన కోసం తామే చందాలు వేసుకొని కట్టుకున్నది.

అప్పటి ఏజెంటు, అంటే మద్రాసులో కంపెనీ పెద్ద, స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ పూనుకోగా 1678 మార్చి 25న పని మొదలైంది. ఆ రోజు క్రైస్తవ పంచాంగంలో మరియమ్మ పండుగ కావడం వల్ల ఆమె పేరే చర్చికి వచ్చింది. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. సూయజ్‌కు తూర్పున ఉన్న ఆంగ్లికన్ (ఇంగ్లండు మతశాఖ) చర్చిలలో ఇదే అత్యంత పాతదని అంటారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి మాత్రం గోడలు. బయటి గోడల మందం నాలుగు అడుగులు. కప్పులో దూలాలూ వాసాలూ లేవు, ఇటుకా సున్నంతో కమాను తిప్పి రెండు అడుగుల మందాన వేశారు. నమూనా గీసినవాడు కోటలోని ఫిరంగుల అధికారి అని చెబుతారు. ఆ మాట వినకపోయినా కప్పును చూస్తే ఎవరికైనా ఆ అనుమానం రాక తప్పదు. చెక్కకప్పు అయితే చెదపురుగు తినగలదు, నిప్పు అంటుకోగలదు, గుండు పడితే కూలగలదు. ఈ కప్పుకు ఆ మూడింటి భయమూ లేదు. ఫ్రెంచివారు 1758 డిసెంబరు నుంచి రెండు నెలలకు పైగా కోటను ముట్టడించి గుండ్లు కురిపించినా ఈ కప్పు నిలబడింది. గుడికి కోట కట్టడం మనం ఎరిగినదే. ఇక్కడ గుడినే కోటలా కట్టారు.

లోపలికి వెళ్లేముందు నాకు రెండు చిక్కులు వచ్చాయి. గడప కనబడగానే అలవాటు కొద్దీ చెప్పులు విప్పబోతే, అక్కడ కాపలా ఉన్న పెద్దాయన అక్కరలేదని సైగ చేశాడు. నేను విప్పే వెళ్లాను, ఆయన నవ్వి ఊరుకున్నాడు. రెండో చిక్కు అంత తేలికగా తీరలేదు. చర్చి చుట్టూ ఆవరణలో పరిచిన రాళ్లన్నీ సమాధి పలకలు. నడవాలంటే వాటి మీదనే నడవాలి. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే అలవాటులో పెరిగినవాళ్లం. పేర్లూ తేదీలూ చెక్కిన చనిపోయినవారి రాళ్ల మీద చెప్పుల కాళ్లతో ఎట్లా నడిచేది? కొంతసేపు అంచుల వెంట, రాయికీ రాయికీ మధ్య సందుల మీద అడుగులు వేస్తూ తిరిగాను. చూసేవారికి తొక్కుడుబిళ్ల ఆడుతున్నట్లు ఉండి ఉంటుంది.

ఆ రాళ్లు అక్కడికి చేరిన కథ తెలిశాక నా సంకోచం కొంత తగ్గింది. వాటి కింద ఎవరూ లేరు. తొలినాళ్ల ఇంగ్లీషువారి శ్మశానం కోట బయట, తరువాతి కాలంలో లా కాలేజీ వెలసిన చోట ఉండేది. అక్కడ ఎత్తైన కట్టడాలతో సమాధులు కట్టారు. 1758–59 ముట్టడిలో ఫ్రెంచి సైనికులు వాటినే చాటు చేసుకొని కోట మీదికి కాల్పులు జరిపారు. ముట్టడి తొలగిన తరువాత ఇంగ్లీషువారు చేసిన మొదటి పనుల్లో ఒకటి తమవారి సమాధులను తామే పడగొట్టడం. మీది పలకలను మాత్రం మోసుకొచ్చి చర్చి చుట్టూ పరిచారు. హైదరాలీ యుద్ధకాలంలో వాటిని మళ్లీ పెకలించి ఫిరంగులకు పీటలుగా వాడారని కూడా చెబుతారు. మన్రో 1780లో పద్దెనిమిదేళ్ల కేడెట్‌గా మద్రాసులో దిగి మొదట పాల్గొన్న యుద్ధం అదే. గుత్తిలో పూడ్చి మద్రాసుకు తెచ్చిన ఆయనతో కలిపి చూస్తే, ఈ చర్చిలో ఉన్నవారూ ఉన్న రాళ్లూ చాలావరకు ఒకచోటి నుంచి మరోచోటికి తరలివచ్చినవే.

వంగి చదవడం మొదలుపెట్టాక పొద్దు తెలియలేదు. కొన్ని లాటిన్‌లో ఉన్నాయి, కొన్ని పోర్చుగీసులో, కొన్ని ఆర్మీనియన్ లిపిలో. వీటిలో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి భారతదేశంలో మిగిలిన ఇంగ్లీషు సమాధి పలకలన్నిటిలోకీ పాతదని ప్రసిద్ధి. ఆమె మద్రాసు మొదటి ప్రెసిడెంటు ఆరన్ బేకర్ భార్య. భర్తతో కలిసి ఇక్కడికి వస్తూ ఓడలోనే కన్నుమూసింది. మద్రాసు ఊరు చూడకుండానే మద్రాసు మట్టిలో కలిసింది. ఈ చర్చిని చూడటానికి వచ్చేవారిలో ఎక్కువమంది తలెత్తి శిఖరాన్ని ఫోటో తీసుకొని, లోపల ఒక చుట్టు చుట్టి వెళ్లిపోవడం ఆ పూట నేను గమనించాను. వారు చూడకుండా వదిలేసిందంతా కాళ్ల కిందనే ఉంది. కంపెనీ కాలపు చర్చిని కింది నుంచి పైకి చూడాలని నా అభిప్రాయం. శిల్పం కోసమే అయితే మన దేశంలో ఇంతకంటే గొప్పవి ఎన్నో ఉన్నాయి. ఎవరు వచ్చారు, ఏ వయసులో పోయారు, వెనక మిగిలినవారు వారిని గురించి ఏం చెప్పుకోదలచారు అన్న చిట్టా మాత్రం ఈ నేల మీద దొరికినట్లు మరోచోట దొరకదు.

లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. 1753లో రాబర్ట్ క్లైవ్ మార్గరెట్ మాస్కెలిన్‌ను పెళ్లాడింది ఇక్కడే. ఈ చర్చిలో జరిగిన మొదటి పెళ్లి 1680లో ఎలైహూ యేల్‌ది. తరువాత మద్రాసు గవర్నరై, ఇక్కడ గడించిన సొమ్ములో కొంత అమెరికాలోని ఒక కళాశాలకు పంపి దానికి తన పేరు సంపాదించుకున్న యేల్ ఆయనే. బలిపీఠం పైన యేసు కడరాత్రి భోజనం చిత్రం ఉంది. 1761లో పాండిచ్చేరి పతనమైనప్పుడు ఫ్రెంచివారి దగ్గర పట్టుకొని తెచ్చిన సొత్తు అది. గీసినవారి పేరు లేదు. యుద్ధంలో దోచిన బొమ్మను ప్రార్థనా స్థలంలో అంత ఎత్తున నిలబెట్టుకోవడానికి వారికి ఏ మొహమాటమూ కలగలేదన్నమాట. మన రాజులు ఓడిన ఊరి విగ్రహాన్ని తెచ్చి తమ గుడిలో ప్రతిష్ఠించుకోవడం గుర్తుకు వచ్చి, ఆ వేలెత్తి చూపడం నేను అంతటితో మానుకున్నాను.

గోడల పొడవునా పాలరాతి ఫలకాలు. తంజావూరులో పనిచేసిన మతబోధకుడు ష్వార్ట్జ్ చనిపోతున్న దృశ్యాన్ని కంపెనీవారు జాన్ బేకన్ చేత చెక్కించి పెట్టారు. పనితనంలో మిగతావాటికంటే ఇదే మేలైనదని నాకు అనిపించింది. మన్రో పేరు కనబడ్డ రాయి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. మా వైపు ఆయన చుట్టూ అల్లుకున్న కథలు రెండు ఉన్నాయి. మంత్రాలయం మాన్యం సంగతి విచారించడానికి వెళ్లినప్పుడు బృందావనంలోని రాఘవేంద్రస్వామి ఆయన ఒక్కడికే కనిపించి మాట్లాడాడన్నది ఒకటి. పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే గండి దగ్గర, చావు దగ్గరపడినవారికే కనిపించే బంగారు తోరణం ఆయనకు కనిపించిందనీ, ఆ తరువాత కొద్దికాలానికే పోయాడనీ రెండోది. ఇంగ్లండుకు తిరిగిపోయే ముందు తనకు ఇష్టమైన ఈ సీమను మరొకసారి చూడాలని వచ్చి, పత్తికొండలో ప్రాణం విడిచిన మాట మాత్రం చరిత్రే. చర్చిలోని గవర్నరు దొరకూ, మా పెద్దవాళ్ల కథల్లో రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చిన మన్రోకూ ముఖాలు కలవడం లేదు. శిస్తు కట్టలేక పొలం వదిలి పోయిన రైతుకు తెలిసిన మన్రో ఈ ఇద్దరూ కాని మూడోవాడు. అతని రాయి ఎక్కడా లేదు.

మధ్యాహ్నం ఎగ్మోరులోని సెయింట్ ఆండ్రూస్ చర్చికి వెళ్లడానికి ఒక కారణం ఉంది. మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండువాడు. మద్రాసులోని స్కాట్లండువారు తమకంటూ కట్టుకున్న ఈ చర్చి 1821లో, ఆయన గవర్నరుగా ఉండగానే తెరుచుకుంది. అయినా ఎముకలు చేరింది కోటలోని ఇంగ్లీషు చర్చికే. పదవి మనిషిని పుట్టిన గడ్డ నుంచి కూడా ఎంత దూరం జరుపుతుందో మరి. కట్టినవాడు థామస్ డి హావిలండ్ అనే ఇంజనీరు. అక్కడి నేల మెత్తటిది, నీరు ఊరేది. అందుకని ఆయన ఇక్కడి పనివారు ఎరిగిన పద్ధతినే తీసుకొని, భూమిలోకి వరుసగా బావులు దింపి, వాటి మీద పునాది నిలిపాడు. ఒరలు దింపి బావి కట్టడం చూసినవారికి ఆ ఉపాయం చప్పున అర్థమవుతుంది. లోపల గుండ్రటి మందిరం, చుట్టూ పదహారు స్తంభాలు, పైన నీలిరంగు గుమ్మటం, దాని మీద చుక్కలు. నేల నలుపూ తెలుపూ గళ్లు. అందంలో కోట చర్చి దీని ముందు ఎందుకూ చాలదు. అక్కడ ప్రార్థన సన్నాహాలు జరుగుతుండటంతో వెనక వరుసలో కాసేపు కూర్చొని లేచాను. ఇవి నేటికీ ఆరాధన జరిగే స్థలాలు కనుక, ఆదివారం ఉదయం చూడటానికి మాత్రమే వెళ్లేవారు వెళ్లకపోవడం మర్యాద.

రైలుకు వేళ ఉండటంతో సాయంత్రం ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర మన్రో విగ్రహాన్ని కూడా చూశాను. ఫ్రాన్సిస్ చాంట్రీ చేసిన ఆ కంచు గుర్రానికి జీనూ లేదు, అంకవన్నెలూ లేవు; బస్సుల మధ్య అది అట్లాగే నిలబడి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక గుత్తిలో దిగి ఇంటికి చేరేసరికి మా పెద్దమ్మ మెలకువగానే ఉంది. ఫోన్‌లో ఆ రాయి ఫోటో చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, "నేలలో కలిసినోణ్ని మళ్ల తవ్వి అంత దూరం మోస్కపోయినారా? నాలుగేండ్లకు ఏముంటుందిరా మిగిలేది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "పత్తికొండలో మాత్రం ఆయన పేరుమీద దిగుడుబావి కట్టించినారంట పెద్దమ్మా" అన్నాను. "నీళ్లుండాయా?" అంది.