నారాలో ఛాంగాన్ నీడ

జపాన్ పాత రాజధాని నారాకు ఒసాకా నుంచి కింతెత్సు కంపెనీ రైల్లో వచ్చేవాళ్లు చాలామంది నేరుగా నారా స్టేషన్‌కు పోయి జింకల పార్కులో తేలతారు. నేను ముందే యామాతో-సైదైజీలో దిగి తూర్పుగా నడిచాను. ఇరవై నిమిషాల్లో ఆ పాత రాజధాని హేజోలోని రాజప్రాసాదం ఉండిన మైదానం వస్తుంది. ఎండాకాలమైతే గొడుగు ఉండాలి, నీడన్నది లేదు. సోమవారం మాత్రం వద్దు, అక్కడి మ్యూజియం మూసేస్తారు.

710లో రాజధానిగా మారిన ఈ ఊరికి నమూనా చైనాలో తాంగ్ వంశపు రాజధాని ఛాంగాన్. గళ్లగళ్లుగా వీధులు, ఉత్తరాన ప్రాసాదం, నడుమ సుమారు 74 మీటర్ల వెడల్పు రాజవీధి. పటం చూసేటప్పుడు ఒక తిరకాసుంది: చక్రవర్తి దక్షిణముఖంగా కూర్చుంటాడు కనుక ‘ఎడమ నగరం’ తూర్పున ఉంటుంది. ఛాంగాన్‌కు ఉన్నట్టు ఊరంతటినీ చుట్టిన కోటగోడ ఇక్కడ లేదు. ప్రాసాదపు దక్షిణ ముఖద్వారమైన సుజాకు ద్వారం 1998లోనూ, సింహాసన మందిరం 2010లోనూ తిరిగి కట్టినవే. రెంటి మధ్య రైలు పట్టాలు దాటాలి.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి మ్యూజియంలోని మొక్కాన్‌లు, అంటే రాత చెక్కలు. పన్నుగా వచ్చిన ఉప్పుకో సముద్రపు నాచుకో కట్టిన చీటీలివి. తాడు జారకుండా అంచుల్లో గాట్లు. ఏ రాష్ట్రం, ఎవరు, ఎంత అన్నది చీనా లిపిలో. పని అయ్యాక పైపొర చెక్కేసి మళ్లీ రాసేవారు. అందుకే తవ్వకాల్లో చెక్కుల పొట్టు కూడా కుప్పలుగా దొరికింది.

ఈ పన్ను లెక్కల వెనకున్నది తైహో అనే 701 నాటి చట్టాల సంహిత. తాంగ్ ప్రభుత్వంలో మంత్రిత్వ శాఖలు ఆరు, ఇక్కడ ఎనిమిది. దేవతల వ్యవహారాలకు చైనాలో లేని వేరే కార్యాలయం పెట్టారు. అధికారుల ఎంపికకు పరీక్షలూ తెచ్చారు గానీ, పదవికి తండ్రి తాతల హోదాయే ఎక్కువ పనికొచ్చేది. చెడ్డ రాజును దైవమే దించుతుందన్న చైనా సిద్ధాంతాన్ని వాళ్లు తలకెత్తుకోలేదు. వంశం మారదన్నదే వాళ్ల పట్టు.

తిరిగి కట్టినవి కాక ఆనాటి అసలు కలప కట్టడం చూడాలంటే సైదైజీ నుంచి రెండో స్టేషన్ నిషినోక్యోలో దిగి తోషోదైజీ ఆలయానికి వెళ్లాలి. అక్కడి ఉపన్యాస మందిరం ప్రాసాదం నుంచి తరలించిన సభాశాల; పైకప్పు తీరు తర్వాత మారింది. ఆలయాన్ని 759లో స్థాపించింది చైనా భిక్షువు గాంజిన్. భిక్షు దీక్ష నియమబద్ధంగా జరగాలంటే అర్హులైన భిక్షువులు పదిమంది కావాలి. భిక్షువులకు పన్ను లేదు కాబట్టి, ఎవరంటే వాళ్లు గుండు గీయించుకోకుండా చూడటం ప్రభుత్వానికీ అవసరమే. అందుకే ఆయన్ను పిలిపించారు. అయిదుసార్లు విఫలమై, చూపు పోయాక 753లో జపాన్ చేరారు. ఆయన అసలు విగ్రహాన్ని జూన్ మొదట్లో కొద్ది రోజులే చూపిస్తారు. మిగతా కాలంలో నకలుతో సరిపెట్టుకోవాలి.